గోడలు లేని ఆట

ఓపెన్ వరల్డ్ ఆటలంటే నాకు పడవు. ఈ మాట ఆన్‌లైన్‌లో ఎక్కడ రాసినా పదిమంది పోట్లాటకు వస్తారు, రానివ్వండి. ఆట అన్నాక ఒక మొదలుండాలి, ఒక చివరుండాలి, మధ్యలో తలుపులుండాలి. తలుపు ఎందుకు తెరుచుకోవడం లేదో బుర్రపెట్టి కనుక్కోవాలి, తెరవాలి, లోపలున్నవాడిని ఓడించి అవతలికి పోవాలి. అయిపోయాక కంట్రోలర్ పక్కన పెట్టి లేచి అన్నం తినాలి. అంతేగానీ జిల్లా అంత మ్యాపు చేతిలో పెట్టి "ఎటైనా పో, ఏమైనా చెయ్" అంటే నేనేం చెయ్యను? ఈ కొండ మీద ఒక ఈక, ఆ కొండ మీద ఒక ఈక ఏరుకుంటూ తిరగాలి. ప్రతి ఊళ్లో ఒకడు నిలబడి తన మేక తప్పిపోయిందంటాడు. ఒకే దొంగల ముఠాను పది చోట్ల పెట్టి పది పేర్లు పెడతారు. విస్తరి పెద్దదే, వడ్డించిన కూర ఒక్కటే.

మా తమ్ముడు సాయిచంద్‌ది దీనికి పూర్తిగా ఎదురు మాట.

"గంత దునియా ఉంటే తలుపులెంబడి తిరుగుడెందుకక్కా? ఈడ ఎటైనా పోవచ్చు. ఎవ్వడు అడగడు."

"ఎటైనా పోయి ఏం చేస్తవురా?"

"ఏం చెయ్య. పోత. గంతే."

మా ఇంట్లో ఈ పంచాయితీ తెగేది కాదు. నేను, సృజనను, మెట్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్‌ని. పిల్లలకు బడిలో చెప్పేది పెయింట్ బ్రష్షు, ఇంటికొచ్చి నేను ఆడేది భూతాల బంగళాలు. సాయిచంద్ ఐటీఐ చదివి, మెట్‌పల్లిలోనే ఒక హార్డ్‌వేర్ దుకాణంలో కుదిరాడు. సేఠు పొద్దంతా "అది తే, ఇది తియ్, మేకులు తూకం వెయ్" అంటుంటే వేసి, సాయంత్రం ఇంటికొచ్చి ఎడారి ఆట పెట్టుకునేవాడు. దాని పేరు చెప్పను, అభిమానులు ఎక్కువ. పెద్ద ఎడారి, మధ్యలో ఒక కోట. కోటలో అసలు కథ వాడి కోసం ఎదురుచూస్తూ ఉండేది. వాడు కోట గడప తొక్కేవాడు కాదు. గుర్రమెక్కి ఇసుకలో పడి పోతూనే ఉండేవాడు. ఎవరి మాటా వినక్కర్లేని చోటు వాడికి ప్రపంచం మొత్తంలో అదొక్కటే అని నాకూ తెలుసు. తెలిసినా వెక్కిరించేదాన్ని. అక్కను కదా.

ఆ ఆటల డబ్బా మా బాపు తెచ్చిందే. సౌదీ నుంచి వచ్చిన రోజు రెండు సూట్‌కేసులు, తాడుతో బిగించి కట్టిన ఇంత పెద్ద అట్టపెట్టెతో కారు దిగాడు. అవ్వకు, అంటే మా అమ్మకు, చీరలు, సెంటు సీసాలు, వాడకట్టుకంతా ఖర్జూరాలు, మాకు ప్లేస్టేషన్. బాపు పేరు హనుమండ్లు. అక్కడ ఆయనది డ్రైవర్ కొలువు. పనిలో పెట్టుకున్న యజమానిని అక్కడ కఫీలు అంటారు. కఫీలు చాలా మంచివాడట, ఆయన కొడుకు ఆడి ఆడి విసుగొచ్చిన డబ్బాను "మీ పిల్లలకు తీస్కపో" అని ఇచ్చాడట. ఈ కథ ఊరంతటికీ కంఠస్థం. మా దగ్గర గల్ఫ్ నుంచి మనిషి వస్తే మనిషి కన్నా ముందు పెట్టెను చూడడానికి వస్తారు. పెట్టె ఎంత పెద్దదైతే మనిషి అంత బాగుపడ్డట్టు లెక్క.

వచ్చాక మాత్రం బాపు ఒక్కసారి కూడా స్టీరింగ్ పట్టలేదు. "ఆడ బండి కుడిపక్క నడుస్తది. ఈడ నాకు రాదు" అనేవాడు. మేం నవ్వేవాళ్లం. పొలం చూసుకునేవాడు, తక్కువ మాట్లాడేవాడు. ఎండాకాలం వాడకట్టంతా వాకిట్లో మంచాలు వేసుకుని చుక్కలు చూస్తూ పడుకుంటే, ఆయన మాత్రం ఎంత ఉక్కపోసినా లోపలి అర్రలో, తలుపు వేసుకుని పడుకునేవాడు. దోమలు కుట్టవని చెప్పేవాడు. మేం నమ్మాం.

ఆ ఎండాకాలం బడికి సెలవులిచ్చిన కొత్తలో మా మేనమామ సదానందం వీసా పట్టుకొచ్చాడు.

ఆయన అవ్వకు సొంత తమ్ముడు. మెట్‌పల్లి బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని గల్ఫ్‌కు మనుషుల్ని పంపుతుంటాడు. బాపును పంపింది కూడా ఆయనే. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు.

"మజ్రా వీసా, అక్కా. మజ్రా అంటే తోట. ఖర్జూరం చెట్లకు నీళ్లు వెట్టుడు, గంతే పని. ఉండెతందుకు రూము, తినెతందుకు తిండి. మన సాయిగాడు రాజు లెక్క ఉంటడు."

అవ్వ మొహం విప్పారింది. సాయిచంద్ అప్పటికే సగం విమానంలో ఉన్నాడు. బాపు గడప పక్కన కూర్చుని మంచానికి నులక బిగిస్తున్నాడు. చేతులు ఆగాయి.

"ఊరికి ఎంత దూరముంటది?" అని అడిగాడు.

"ఏది బావా?"

"తోట."

"సౌదీల దూరమేంది బావా, నీకెరుక లేదా? కార్లుంటయి."

"నీళ్లు బోరుతోనా, ట్యాంకర్ తోనా?"

మామ పకపకా నవ్వాడు. "గవన్ని నాకెట్ల తెలుస్తయి? హైదరాబాద్ ఆఫీసోళ్లు వీసా పంపుతరు, నేను మనిషిని చూపెడుత. నిన్ను పంపలేనా? మంచి కొలువు దొరకలేదా? నీ పెట్టె జూసే కదా మీ భూమవ్వ వదినె కొడుకును పంపింది. వెంకటి గూడ ఇప్పుడు డ్రైవరేనాయె."

బాపు నులక లాగి ముడి వేశాడు. సాయిచంద్ పాస్‌పోర్టు మామ చేతిసంచిలోకి పోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో గాలి బిగుసుకుంది. సాయిచంద్ దుకాణం మానేశాడు. మెడికల్ పరీక్షకు హైదరాబాద్ పోయి వచ్చాడు. అవ్వ వాడికి కట్టివ్వడానికి మామిడికాయ తొక్కు పెట్టే పనిలో పడింది. బాపు అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు. నాకు ఏమీ అర్థమయ్యేది కాదు. కొడుకు దూరం పోతుంటే తండ్రికి బెంగ ఉంటుంది, నిజమే. కానీ ఇది బెంగలా లేదు.

ఒకరోజు సాయిచంద్ చెంబుతో నీళ్లు తాగి, మిగిలిన సగం వాకిట్లో పారబోశాడు. బాపు ఎక్కడి నుంచి వచ్చాడో, వచ్చి వాడి చెంప మీద కొట్టాడు. మా ఇద్దరిలో ఎవరి మీదా ఆయన చెయ్యి ఎత్తింది లేదు. సాయిచంద్ చెంప పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏందయ్య, పోయెటోన్ని కొడుతవా?" అవ్వ గయ్యిమంది. "ఇంటి ముంగట బోరుండంగ గుక్కెడు నీళ్లకు గింత కోపమా?"

బాపు తడిసిన మట్టి వంక చూశాడు. కండువా దులిపి భుజాన వేసుకుని పొలం దిక్కు పోయాడు. నేను వెనకాలే పోయి గట్టు మీద అందుకున్నాను.

"సాయిగాన్ని పంపుడు ఇష్టం లేకుంటే అద్దని చెప్పు బాపు. అవ్వ వింటది."

"నేనెట్ల అద్దంట?" అన్నాడు, నా వైపు చూడకుండా. "నేను పోయి రాలే? మంచిగ సంపాయించి రాలే? ఊరంతా జూడలే?"

ఆ మాటల్లో కోపం ఎవరి మీదో నాకు తెలియలేదు. భయం మాత్రం వేసింది.

ఇంకొక మధ్యాహ్నం అవ్వ మామిడికాయలు కొట్టించుకురావడానికి పోయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కూలర్ ముందు కూర్చుని సాయిచంద్ గుర్రం తోలుతున్నాడు. నేను వెనక కూర్చుని, పోయే ముందు కనీసం ఒక్క ఆటైనా పూర్తి చెయ్యరా, లేకపోతే ఆ కోటలోవాళ్లు ముసలివాళ్లయిపోతారు అని దెప్పుతున్నాను. బాపు గోడకు ఆనుకుని చూస్తున్నాడు. ఆయన ఆట వంక అలా కళ్లార్పకుండా చూడడం అదే మొదలు.

"గుర్రానికి నీళ్లెప్పుడు వెడుతరు?" అన్నాడు.

"ఆటల గుర్రం బాపు. దీనికి దూప కాదు."

"మనిషికి?"

"మనిషికి గూడ కాదు."

ముందుకు జరిగి, "జర నాకియ్యి" అని చెయ్యి చాచాడు.

సాయిచంద్ చెంపదెబ్బ మరిచిపోయి సంబరంగా కంట్రోలర్ ఇచ్చాడు. ఏ వేలితో నడవాలో, ఏ వేలితో చూడాలో దగ్గరుండి చూపించాడు. బాపు గుర్రాన్ని కోటకు వీపు తిప్పి నిలబెట్టాడు. తర్వాత నడిపించాడు. పరుగెత్తించలేదు, ఉత్త నడక. ఊరు వెనకబడింది, ఖర్జూరపు చెట్లు వెనకబడ్డాయి, మ్యాపు మీద ఉన్న గుర్తులన్నీ వెనకబడ్డాయి. తెర నిండా ఇసుక మిగిలింది, పైన తెల్లని ఆకాశం.

"అటు ఏం లేదు బాపు," అన్నాడు సాయిచంద్.

"ఎరుకే."

"గీ పక్కకు తిప్పితే బావి ఉంటది. దొంగలుంటరు. మజా వస్తది."

బాపు తిప్పలేదు. ముందుకు వంగి ఇసుకనే చూస్తున్నాడు. ఆయన ఏదో వెతుకుతున్నాడని నాకు కాసేపటికి తెలిసింది.

"ఏం జూస్తున్నవ్ బాపు?" అని అడిగాను.

"టైర్ల జాడ. ఈడ బండ్లు తిరుగయా?"

"గుర్రాల కాలం నాటి కథ. బండ్లెక్కడియి?"

"అయితే ఎట్ల బయటవడుతరు?"

సాయిచంద్ నవ్వాడు. "బయటవడుడేంది బాపు? ఇది ఓపెన్ వరల్డ్. ఎటైనా పోవచ్చు."

బాపు తల తిప్పి వాడిని చూశాడు. కంట్రోలర్ మీద ఆయన వేళ్లు చెమటతో జారుతున్నాయి. "ఎటైనా పోవచ్చు," అని వాడి మాటనే మెల్లగా తిరిగి అన్నాడు. ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో గేటు చప్పుడైంది, నెత్తి మీద గంపతో అవ్వ వచ్చింది. బాపు కంట్రోలర్ కింద పెట్టి, లోపలి అర్రలోకి పోయి తలుపు వేసుకున్నాడు. తెర మీద గుర్రం ఏ దిక్కూ లేని చోట నిలబడి తోక ఊపుతోంది.

డ్రైవర్ పని చేసిన మనిషి టైర్ల జాడ వెతకడంలో వింతేముంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గుబులు మాత్రం పోలేదు.

సాయిచంద్ విమానం టికెట్ ఖాయమైంది. అవ్వ వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించాలంది. కోడెను పగ్గంతో పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, తెచ్చి స్వామి గుడి దగ్గర కట్టేయడం ఆ మొక్కు. బాపు పోయేటప్పుడూ కట్టారు, వెంకటి పోయేటప్పుడూ కట్టారు. ఇక్కడ కోడెను కట్టేస్తే అక్కడ మనిషి చెదరకుండా ఉంటాడని అవ్వ నమ్మకం. సదానందం మామ తన కారులోనే అందరినీ తీసుకుపోయాడు. దారి పొడవునా ఆయనే మాట్లాడాడు. బాపు కిటికీ లోంచి వడ్ల కుప్పలను చూస్తూ కూర్చున్నాడు.

గుడి దగ్గర జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. మొక్కు టికెట్ చూపిస్తే ఒక తెల్ల కోడె పగ్గం సాయిచంద్ చేతికి ఇచ్చారు. కొంత దూరం బాగానే నడిచింది. సగం చుట్టు తిరిగాక బండలు కాలుతున్నచోట కాళ్లు నిగడదన్ని నిలబడిపోయింది. సాయిచంద్ లాగితే అది వెనక్కి లాగింది. వెనకనున్న వాళ్లు "నడువుండ్రి, నడువుండ్రి" అని తోస్తున్నారు. ఒకడు తోక మెలిపెట్టమన్నాడు. "అపశకునం," అని అవ్వ గొణిగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాపు ముందుకొచ్చి సాయిచంద్ చేతిలోంచి పగ్గం తీసుకున్నాడు. లాగలేదు, వదులు చేశాడు. నాలుకను అంగిటికి రెండుసార్లు కొట్టి, గొంతులోంచి పొడుగ్గా ఒక కూత తీశాడు. మా ఊళ్లో పశువులను అలా పిలవగా నేనెప్పుడూ వినలేదు. "తాల్... తాల్..." అంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. కోడె చెవులు నిక్కించింది, తల దించి ఆయన వెనకే నడిచింది.

"రాజన్న కోడెకు అరబ్బీ వస్తదా?" అని అవ్వ కండ్లు తుడుచుకుంటూ నవ్వింది. మామ కూడా నవ్వాడు.

మా వెనక ఇంకో కోడెను పట్టుకుని ఒకాయన వస్తున్నాడు. బక్కపలచని మనిషి, బాపు వయసే ఉంటుంది. ఆయన నవ్వలేదు. బాపునే చూస్తున్నాడు. జనంలోంచి జరిగి జరిగి బాపు పక్కకు వచ్చాడు.

"అన్నా," అన్నాడు గొంతు తగ్గించి. "ఒంటెలా, గొర్లా?"

బాపు ఆగిపోయాడు. వెనకనుంచి జనం మళ్లీ తోస్తున్నారు. ఆయన ఆ మనిషిని చూశాడు, మమ్మల్ని చూశాడు, పగ్గాన్ని చూసుకున్నాడు.

"గొర్లు," అన్నాడు.

"నాయి ఒంటెలు," అన్నాడా మనిషి. బాపు భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, తన కోడెను తోలుకుని ముందుకు పోయాడు. ఆయన పేరు కూడా మేం అడగలేదు.

కట్టే చోటికి వచ్చాక సాయిచంద్ పగ్గం కోసం చెయ్యి చాస్తే బాపు ఇవ్వలేదు. తనే కట్టాడు. కట్టి, కోడె మెడ కింద వేళ్లు పెట్టి బిగువు చూసి, కొంచెం వదులు చేశాడు.

కారు ఒక సత్రం గోడ నీడన ఆపి ఉంది. కారు దగ్గర అవ్వ నిలబడిపోయింది.

"గొర్లేందయ్యా?"

బాపు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"నేను డ్రైవర్ పని చెయ్యలే. విమానం దిగంగనే బండ్ల ఎక్కించుకపోయి ఎడారిల దింపిండ్రు. గొర్లు కాసిన. ఉన్నన్నొద్దులు గొర్లే కాసిన."

"మరి ఫోన్ల..."

"నువ్వు ఏడుస్తవని మొదలు చెప్పలే. ఎన్క చెప్ప రాలే."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు పెట్టెలు గుర్తొచ్చాయి.

"మరి గా ప్లేస్టేషన్ బాపు? సెంట్లు, చీరలు?"

"హైదరాబాద్‌ల దిగి, ఎరుకైనోని దగ్గర అప్పు జేసి కొన్న. గా డబ్బా ఎవనిదో పాతది. అట్టపెట్టె గూడ ఆడనే కట్టించిన." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "ఉత్త చేతులతోని ఊరికి ఎట్ల రావాలె బిడ్డా?"

సాయిచంద్ ఎర్రబడ్డ మొహంతో బాపు ముందు నిలబడి ఉన్నాడు. వాడికి ఏడుపు కన్నా ముందు కోపం వస్తుంది. "ఆడ కంచె ఉండెనా? కాపలోళ్లుండిరా?"

"లేరు."

"కంచె లేదు, కాపల లేదు. మరి ఉరికి రావద్దా బాపు? ఎందుకున్నవ్?"

"గోడ ఉంటే దుంకుదును కొడుకా," అన్నాడు బాపు. "గోడ లేదు. నువ్వంటవు సూడు, ఎటైనా పోవచ్చు. ఎటు సూసినా ఒక్కతీర్గనే ఉంటది. ఎటు పోవాలె?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఆటల మీద ఇన్నాళ్లు నేను వాదించిన వాదనలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఈకలు ఏరుకోవాలి, విసుగొస్తుంది, కూర ఒక్కటే. నేను అలా వాగుతుంటే వెనక గోడకు ఆనుకుని ఈయన వింటూ కూర్చున్నాడు.

సదానందం మామ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాకు తెల్వదు బావా. రాజన్న మీద ఒట్టు. నీ పెట్టెలు జూసి మంచిగనే ఉన్నవనుకున్న. నిన్ను జూపెట్టే అందరిని పంపిన." అంతలోనే తేరుకున్నాడు. "నీకట్లయింది. అందరికి అట్లనే అయితదా? వెంకటి లేడా? కారు పక్కన నిలవడి ఫోటో పంపలే? మంచిగ డ్రైవర్ పని చేస్తలేడా?"

సాయిచంద్ ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. "అవును, వెంకటన్న మంచిగనే ఉన్నడు. నాది తోట పని. నేను పోత బాపు. ఈడ నాకేమున్నది? జన్మంత మేకులు తూకమెయ్యాల్నా?"

"పోవద్దు బిడ్డా," అంది అవ్వ.

"పోత."

బాపు లేచి ధోవతి దులుపుకున్నాడు. గట్టు మీద నన్ను చూడకుండా మాట్లాడిన మనిషి ఇప్పుడు వాడి కళ్లలోకి చూశాడు. "పా. వెంకటినే అడుగుదాం. వాడు డ్రైవరంటే నువ్వు పో, నేను అడ్డం రాను."

తిరుగు దారిలో మామ ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ పెదాలు కదుపుతూ రాజన్నను తలుచుకుంటోంది. వెంకటి డ్రైవరే కావాలని నేను మొక్కాను. అలా అయితే సాయిచంద్ పోతాడని గుర్తొచ్చి, కాకూడదని మొక్కాను. మళ్లీ వెంకటి మొహం గుర్తొచ్చి అదీ ఆపేశాను.

భూమవ్వ పెద్దవ్వ మా వెనక వాడకట్టే. అందరం ఒక్కసారి దిగేసరికి కంగారుపడి మంచం వాల్చింది. వెంకటితో మాట్లాడాలి అని బాపు చెప్పగానే, ఏమీ అడగకుండా ఫోన్ తీసి కలిపింది. మోగి మోగి ఆగిపోయింది.

"డ్యూటీల ఉంటే ఎత్తడు," అంది గర్వంగా.

"సిగ్నల్ ఉండదు వదినె," అన్నాడు బాపు. "మిస్‌డ్ కాల్ జూసి, దిబ్బ ఎక్కి చేస్తడు."

"దిబ్బేంది మరిది?"

బాపు పోయి మంచం మీద కూర్చున్నాడు. పెద్దవ్వ చాయ్ పెట్టింది, తాగాం. వెంకటి వచ్చేటప్పుడు ఇల్లు పట్టనంత పెట్టె తెస్తానన్నాడని, ఏ మూల పెట్టాలో చూసుకున్నానని గోడ మూల చూపించింది. అక్కడున్న బియ్యం డబ్బాను అప్పుడే పక్కకు జరిపి పెట్టింది. సాయిచంద్ అరుగు అంచున కూర్చుని కాలు ఊపుతున్నాడు. మామ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని జిప్పు లాగుతూ మూస్తూ ఉన్నాడు. పొద్దు వాలే వేళకు ఫోన్ మోగింది. పెద్దవ్వకు చెవులు సరిగా వినబడవు, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది. స్పీకర్ పెట్టి బాపు చేతికిచ్చింది.

"వెంకటీ, నేను హనుమండ్లు కాకను."

"ఆ కాకా, మంచిగున్నవా?" గొంతు హుషారుగానే ఉంది. "నాకేం ఫికర్ లేదు. డ్యూటీల ఉన్న. మా కఫీలు మస్తు మంచోడు. నిన్ననే కొత్త బండి..."

మాటల వెనక గాలి హోరు వినిపిస్తోంది. సాయిచంద్ నా వైపు చూశాడు. చూశావా, మంచిగనే ఉన్నాడు అన్నట్టు.

"వెంకటీ," అన్నాడు బాపు. "ఒంటెలా, గొర్లా?"

అవతల మాట ఆగిపోయింది. గాలి ఒక్కటే వీస్తోంది. ఫోన్ కట్టయిందేమోనని పెద్దవ్వ వంగి చూసింది. "గదేం అడుగుడు మరిది?" అంది. సాయిచంద్ కాలు ఊపడం ఆపేశాడు.

చాలాసేపటికి వినిపించింది.

"ఒంటెలు, కాకా."

ఆ తర్వాత ఏడుపు. మగవాడు అంత పొడుగ్గా ఏడవడం నేను అంతకుముందు వినలేదు. పెద్దవ్వ మాకు ఎవరికీ అర్థం కాని ఒక కేక వేసి ఫోన్ మీదికి వంగింది. అవ్వ ఆమెను రెండు చేతులతో పట్టుకుంది. సదానందం మామ సంచి తెరిచి పాస్‌పోర్టు తీశాడు. అరుగు మీద సాయిచంద్ పక్కన పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. సాయిచంద్ పాస్‌పోర్టు వైపు చూడలేదు. వాడు ఫోన్‌నే చూస్తున్నాడు.

బాపు ఏడవలేదు. ఆయన గొంతు అంత నిమ్మళంగా ఉండగా నేను ఆ ఏడాది మొదటిసారి విన్నాను.

"ఏడు బిడ్డా, ఏడ్చినంక నేను చెప్పేది విను. నీళ్ల ట్యాంకర్ వస్తదా?"

"వస్తది."

"తోలేటోడు ఎవడు?"

"పాకిస్తానోడు. మంచోడే. అప్పుడప్పుడు రొట్టె ఇస్తడు."

"వాని తోని మంచిగుండు. ఉన్నదున్నట్టు చెప్పు. ట్యాంకర్ పోయేటప్పుడు టైర్ల జాడ ఎటు పోతదో చూసి పెట్టుకో. దారి గదొక్కటే. ఇంకేదిక్కు నడవకు. ఎవ్వడు ఏం జెప్పినా ఒక్కనివి ఇసుకలకు పోకు. నేను గట్లనే ట్యాంకర్ ఎక్కి బయటవడ్డ. పట్నం చేరినంక సీదా ఎంబసీకి పో. నంబరు మా సృజన పంపుతది."

నేను అప్పటికే నా ఫోన్ తీసి వెతుకుతున్నాను. తొందరలో అక్షరాలు తప్పు పడుతున్నాయి. సాయిచంద్ వచ్చి నా పక్కన కూర్చుని ఫోన్ తీసుకుని తనే వెతకడం మొదలుపెట్టాడు.

"కాకా," అన్నాడు వెంకటి. గొంతు చిన్నపిల్లవాడిలా అయిపోయింది. "అవ్వకు పెట్టె తెస్తనని చెప్పిన. నా తాన ఏం లేదు. ఏమన్న కొనుక్కొని రాకపోతే ఊళ్లె..."

బాపు గోడ మూల ఖాళీగా ఉన్న జాగాను చూశాడు.

"ఏం కొనకు. ఉత్త చేతులతోనే రా బిడ్డా. నేను బస్టాండు కాడ నిలవడుత. ఇద్దరం కలిసే వాడకట్టులకు నడుద్దాం."